ఆపరేషన్ అత్తయ్య

"అత్తయ్యకి ఒంట్లో బాగాలేదు అల్లుడూ. డాక్టర్లు గొంతు పరీక్ష చేస్తున్నారట."

ఫోన్‌లో మామయ్య మాట తాపీగానే ఉంది. గడ్డం సగం గీసుకున్న అల్లుడి చేతిలో రేజర్ మాత్రం ఆగిపోయింది.

"బాగా ముదిరిందా మామయ్యా?"

"ఇవాళ రిపోర్టు వచ్చేస్తే ఇక చేసేదేం లేదు. మందు నా దగ్గరుంది. వచ్చి తీసుకెళ్ళు."

పక్కనుంచి ఎవరు విన్నా అది చుట్టాల మధ్య కబురే. డిపార్ట్‌మెంట్‌లో మామయ్య అంటే చీఫ్. అల్లుడు అంటే ఫీల్డ్ ఏజెంట్. పెళ్ళివారు అంటే విదేశీ గూఢచారి ముఠా. అత్తయ్య అంటే ఆ ముఠా ఆఫీసులోనే ఏళ్ళ తరబడి వేషం కట్టి కూర్చున్న మన మనిషి. ఈ చుట్టరికాల కోడ్ మామయ్య సొంత తెలివి. పరాయివాళ్ళ ఇంటి గోల ఓపిగ్గా వినే గూఢచారి సంస్థ ప్రపంచంలో లేదని ఆయన నమ్మకం. ఇంతవరకూ ఆ నమ్మకం వమ్ము కాలేదు.

మిగతా గడ్డం గబగబా గీసుకుని అల్లుడు బయల్దేరాడు.

కళ్ళజోళ్ళ షాపు వెనక, కళ్ళు పరీక్ష చేసే చీకటి గదిలో బ్రీఫింగ్ జరిగింది. మామయ్య ఉపోద్ఘాతాలు చెప్పే రకం కాదు.

"అత్తయ్య మనకి పంపిన ఆఖరి వైర్‌లెస్ మెసేజ్‌ని పెళ్ళివారు పట్టేశారు. స్క్రాంబుల్ చేసిన వాయిస్. ఒట్టి గరగర తప్ప ఏం వినిపించదు. వాళ్ళ కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రామ్ ఆ గరగర విప్పి అసలు గొంతు బయటికి తీస్తుంది. మధ్యలో ఆగకుండా చివరిదాకా నడవాలి. నడిచిందంటే గొంతు ఎవరిదో తెలిసిపోతుంది."

"ఇంకా ఎందుకు తెలీలేదు?"

"కంప్యూటర్ ఫ్రీజ్ అవుతోంది. ప్రతిసారీ మధ్యలో బిగుసుకుపోతోంది. రిపేర్‌కి మనిషి కావాలని ఇవాళ పొద్దున ఫోన్ చేశారు. ఆ ఫోన్ మనమే ఎత్తాం."

అల్లుడికి అర్థమైంది. డిపార్ట్‌మెంట్‌లో చేరకముందు అతను కంప్యూటర్లు బాగుచేసి పొట్ట పోసుకున్నవాడే. మిగతా ఏజెంట్లకి మారువేషం వేయాలి. అతనికి వేసిన వేషం తీసేస్తే చాలు.

మామయ్య జేబులోంచి ఒక కేబుల్ తీశాడు. ఒక కొస రెండుగా చీలి ఉంది. వైర్లు కనబడకుండా పైన నల్లటి తొడుగు.

"చూడ్డానికి మామూలు పవర్ కేబుల్. లోపల రెండు వైర్లు తారుమారు చేశాం. ఐదు వోల్టులు వెళ్ళాల్సిన చోటికి పన్నెండు వెళ్తాయి. దీన్ని హార్డ్ డిస్క్‌కి తగిలించి స్విచ్ వేస్తే డిస్క్ పోతుంది. దాంతోపాటు రికార్డింగూ పోతుంది."

"నా మీద అనుమానం రాకుండా?"

"అది నీ నోటి చలవ. ఇంకో మాట. అక్కడ సిల్కు ఉంటుంది."

సిల్కు పేరు వినగానే అల్లుడు నిట్టూర్చాడు. డబుల్ ఏజెంట్. అందగత్తె. పొద్దున ఒకరికి పనిచేసి సాయంత్రం ఇంకొకరికి పనిచేస్తుంది, మధ్యాహ్నం ఎవరి తరఫో ఆమెకే తెలియాలి.

"అత్తయ్య ఎవరో నాకు చెప్పరా? ఆడో మగో అయినా?"

"చెప్తే నువ్వు అటు చూస్తావు. నువ్వు చూశావంటే వాళ్ళూ చూస్తారు. వద్దు."

అల్లుడు రెట్టించలేదు. అత్తయ్యని అతను ఎన్నడూ చూడలేదు. కానీ ఒకసారి ఒక పాత గోడౌన్ మెట్లు ఎక్కబోతుండగా చెవిలోని రిసీవర్‌లో మామయ్య కేక వినబడింది, పైకి వెళ్ళొద్దు, తలుపు వెనక తుపాకీ ఉందని. ఆ కబురు అత్తయ్య దగ్గర్నుంచి వచ్చింది. ఆ రోజు నుంచీ అతను పీలుస్తున్న ప్రతి ఊపిరీ అత్తయ్య పెట్టిన భిక్షే. ఇవాళ ఆ మనిషికి ఏమైనా అయితే తను తల ఎత్తుకు తిరగలేడని అతనికి తెలుసు.

*

బోర్డు మీద కార్పెట్ల ఎగుమతి కంపెనీ అని ఉంది. లోపల గోడలకి చుట్టలు చుట్టి నిలబెట్టిన కార్పెట్లూ, వాటి మీద దుమ్మూ చూస్తే ఒక్కటి కూడా ఎప్పుడూ అమ్ముడుపోయినట్టు లేదు. తలుపు దగ్గర గార్డు అల్లుడి బ్యాగు లాక్కున్నాడు. ఒక స్క్రూడ్రైవర్, ఒక బ్రష్, ఒక పెన్సిల్ రబ్బరు మాత్రం చేతికిచ్చాడు.

"బయటి సామాను లోపలికి రాదు. రూల్."

కేబుల్ బ్యాగులోనే ఉండిపోయింది. అల్లుడు దాని వైపు చూడలేదు. మొహంలో మాత్రం, పిలిచి అవమానిస్తున్నారే అన్న చిరాకు చూపించాడు. నిజమైన రిపేర్ మనిషి అలాగే చూస్తాడు.

వెనక గదిలో ముగ్గురున్నారు. మేనేజర్ బట్టతల మనిషి, తెల్ల చొక్కా, మాటిమాటికీ మంచినీళ్ళు తాగుతున్నాడు. కిటికీ దగ్గర కాలు మీద కాలేసుకుని సిల్కు, వేళ్ళ చివర మెరిసే గోళ్ళు. మూడో ఆయన పెళ్ళివారి హెడ్డాఫీసు నుంచి తనిఖీకి వచ్చిన అధికారి. ఆయన సూటుకి ఒక్క మడత లేదు, మొహానికీ లేదు. అల్లుడు మనసులో ఆయనకి ఇస్త్రీ అని పేరు పెట్టేశాడు.

"మిమ్మల్ని ఎక్కడో చూసినట్టుంది," అంది సిల్కు.

"ప్రింటర్ బాగుచేయడానికి ఎక్కడికైనా వచ్చుంటాను మేడమ్. జనం ప్రింటర్‌ని తిట్టేటప్పుడు మమ్మల్ని కూడా కలిపే తిడతారు. అలా గుర్తుండిపోతాం."

సిల్కు నవ్వింది. ఆ నవ్వులో గుర్తుపట్టిందో లేదో తేల్చుకోవడం దేవుడి తరం కాదు.

ఇస్త్రీ మాట కత్తిరించినట్టు ఉంది. "నాకు కావాల్సింది రెండు. ఒకటి, ఇది ఆగకుండా నడవాలి. రెండు, ఇది దానంతటదే పాడైందా, ఎవరైనా చేయిపెట్టి పాడుచేశారా. ఆ రెండోది నువ్వే తేల్చాలి. నా కళ్ళ ముందే విప్పు. ఏం చేస్తున్నావో చెప్తూ చెయ్యి."

మేనేజర్ గ్లాసు అంచు పళ్ళకి తగిలి టకటకలాడింది.

టేబుల్ మీద మానిటర్, కీబోర్డు మాత్రమే ఉన్నాయి. వైర్లు వెనక ఉన్న ఇనప బీరువాలోకి, పక్కన తొలిచిన కంతలోంచి వెళ్తున్నాయి. అసలు పెట్టె బీరువాలో ఉంది, బీరువాకి తాళం ఉంది, తాళంచెవి ఇస్త్రీ జేబులో ఉంది.

"కంప్యూటర్‌ని బీరువాలో పెట్టారేంటి సార్? దానికి గాలాడాలి కదా."

"రహస్యం. నా ఆర్డరే."

స్క్రీన్ ఆ క్షణానికి కూడా బిగుసుకుపోయే ఉంది. పచ్చగీత ఒకటి సగందాకా పాకి నిలిచిపోయింది. మూలన గడియారం కదలడం లేదు. అల్లుడు మౌస్ కదిపాడు, బాణం కదల్లేదు. క్యాప్స్ లాక్ నొక్కాడు, కీబోర్డు మీద లైటు వెలగలేదు.

"లైటు వెలిగుంటే లోపల ప్రాణం ఉన్నట్టు, ప్రోగ్రామే మొరాయించిందనుకోవచ్చు. ఇది అలా కాదు. పార్టుల జబ్బు. ఎంతసేపటికి ఆగుతుంది సార్?"

"ఒకోసారి త్వరగా, ఒకోసారి చాలాసేపటికి," అన్నాడు మేనేజర్. "మాకూ అంతు చిక్కట్లేదు."

"ఆగిపోతుందా, ఆఫై మళ్ళీ ఆన్ అవుతుందా?"

"ఆగిపోతుంది. శిలలా."

"అయితే పవర్ సప్లై మీద అనుమానం తక్కువ. వేడి, ర్యామ్, డిస్క్. ఒక్కోటి చూద్దాం."

ఇస్త్రీ బీరువా తాళం తీశాక అల్లుడు కరెంటు తీసి, పెట్టె పక్క రేకు విప్పాడు. లోపల దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది. ప్రాసెసర్ మీద ఉండే ఫ్యాను వైరు చూడగానే అల్లుడి వేలు ఆగింది. వైరు చివర ప్లగ్గు పిన్నుల మీదినుంచి సగం పైకి లేచి ఉంది. అది ఊరికే ఊడదు, చిన్న కొక్కెం పట్టుకుని ఉంటుంది. దాని చుట్టూ బోర్డంతా దుమ్మే, ఆ ఒక్కచోట మాత్రం రెండు వేళ్ళ మేర శుభ్రంగా ఉంది.

ఎవరో చెయ్యిపెట్టారు. ఇంకెవరు, అత్తయ్యే. ప్రాణం అరచేతిలో పెట్టుకుని, తన గొంతు తనే నొక్కుకున్నట్టు, ఈ యంత్రాన్ని రోజూ ఆపుతున్నది అత్తయ్యే. అల్లుడికి ఒక్క క్షణం కళ్ళు చెమర్చినంత పనైంది.

"ఏంటది?" ఇస్త్రీ వంగాడు.

అల్లుడు ఆయన మొహం మీదికే వెళ్ళేలా బ్రష్‌తో దుమ్ము దులిపాడు. ఇస్త్రీ దగ్గుతూ వెనక్కి తగ్గేలోపు బొటనవేలు ప్లగ్గుని లోపలికి నొక్కేసింది, వేలిముద్రల చోటు దుమ్ములో కలిసిపోయింది.

"దుమ్ము సార్. ఫ్యాను తిరగట్లేదు. వేడెక్కి ఆగుతోంది. ఇప్పుడు తిరుగుతుంది చూడండి."

పవర్ ఇచ్చాడు. ఫ్యాను తిరిగింది. మేనేజర్ నీళ్ళ గ్లాసు అందుకోవడానికి చెయ్యి చాచాడు. తెల్ల చొక్కా కఫ్ అంచున బూడిదరంగు చార ఒకటి కనిపించింది. ఈ గదిలో అంత దట్టమైన దుమ్ము ఈ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేదు.

ఓహో, అనుకున్నాడు అల్లుడు. అత్తయ్యకి బట్టతల అన్నమాట.

ప్రోగ్రామ్ మొదలైంది. పచ్చగీత నాలుగడుగులు వేసి మళ్ళీ బిగుసుకుంది.

"బాగుచేశానన్నావు," అన్నాడు ఇస్త్రీ. చెయ్యి కోటు లోపలికి వెళ్ళింది.

"వేడి జబ్బయితే చల్లగా ఉన్నప్పుడు ఆగకూడదు సార్. ఇప్పుడే మొదలుపెట్టాం, పట్టుకుని చూడండి, ఇంకా చల్లగానే ఉంది. అంటే రెండో జబ్బు కూడా ఉంది. ర్యామ్ చూస్తాను."

ఇది కావాలని చెప్పిన మాట కాదు. ఏళ్ళ తరబడి అలవాటైన నోరు అది, నిజం దానంతటదే దొర్లిపోయింది. చెప్పాక నాలుక కరుచుకున్నాడు. కరెంటు తీసి ర్యామ్ పట్టీ ఊడదీశాడు. కింది అంచున వరసగా ఉండే బంగారు పూత గీతల్లో రెండు మూడు మరీ నిగనిగలాడుతున్నాయి. గోటితో గీకితే పల్చటి పొర. ముక్కు దగ్గర పెట్టుకుంటే మందు వాసన. రంగులేని నెయిల్ పాలిష్.

అల్లుడు తల ఎత్తకుండానే కిటికీ వైపు చూశాడు. సిల్కు గోళ్ళ మీద ఎండ మెరుస్తోంది. ఆమె అతన్నే చూస్తోంది. మొదటిసారి ఆమె మొహంలో నవ్వు లేదు.

ఇద్దరు! ఈ యంత్రం గొంతు నొక్కడానికి ఇద్దరు పనిచేస్తున్నారు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా. అత్తయ్య ఒక్కరే కదా. మరి రెండో వాళ్ళెవరు? ఏది ఏమైనా ఇప్పుడు ఈ పట్టీ ఇస్త్రీ చేతికి వెళ్ళిందంటే ఒకరి ప్రాణం పోతుంది, అది అత్తయ్యది కాదని చెప్పే నాథుడు లేడు.

"ఇలా ఇవ్వు, చూస్తా," అన్నాడు ఇస్త్రీ.

"ఒక్క నిమిషం సార్, కార్బన్ పట్టింది." అల్లుడి చేతిలో పెన్సిల్ రబ్బరు అప్పటికే బంగారు గీతల మీద పరుగులు తీస్తోంది. ర్యామ్‌ని రబ్బరుతో రుద్దడం రిపేర్ షాపుల్లో అందరూ చేసే పనే. పాలిష్ పొర, రబ్బరు పొట్టు కలిసి నేల మీద రాలాయి. అప్పుడు పట్టీ అందించాడు. ఇస్త్రీ వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కిచ్చేశాడు.

ఆ తర్వాత గానీ అల్లుడికి తను చేసిన ఘనకార్యం తట్టలేదు. అత్తయ్య పెట్టిన అడ్డం, ఎవరో పెట్టిన ఇంకో అడ్డం, రెండూ తన చేత్తోనే తీసేశాడు. తనని పంపింది దీన్ని చంపడానికి. తను వైద్యం చేసి కూర్చోబెట్టాడు.

పవర్ ఇవ్వగానే కంప్యూటర్ పెళ్ళికొడుకులా లేచింది. పచ్చగీత సాఫీగా పాకడం మొదలెట్టింది.

"బీరువా తలుపు తీసి ఉంచండి సార్," అన్నాడు అల్లుడు. పాడు నోరు మళ్ళీ నిజమే చెప్పింది.

"కుదరదు," అని ఇస్త్రీ తలుపు మూసి తాళం వేశాడు. "నువ్వు ఇక్కడే ఉండు. అయ్యేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదు."

నలుగురూ కళ్ళలో వత్తులు వేసుకుని స్క్రీన్ చూస్తున్నారు. పచ్చగీత సగం దాటింది, ముప్పావు దాటింది. ఏదో ఒకటి మాట్లాడకపోతే పిచ్చెక్కేలా ఉంది. రిపేర్ మనుషులంతా అడిగే ప్రశ్నే అల్లుడు అడిగాడు.

"బ్యాకప్ ఉంది కదా సార్?"

"మా దగ్గర దేనికీ రెండో కాపీ ఉండదు," అన్నాడు ఇస్త్రీ. "కాపీ ఉంటే లీక్ ఉంటుంది. అది మా రూల్."

అల్లుడు ఇన్నేళ్ళలో బ్యాకప్ లేదని సిగ్గుపడ్డవాళ్ళని చూశాడు, ఏడ్చినవాళ్ళని చూశాడు. గర్వంగా చెప్పినవాణ్ణి ఇదే చూడటం. అంటే ఆ డిస్క్ ఒక్కటి పోతే చాలు. ఆ డిస్క్‌కి, గార్డు దగ్గరున్న కేబుల్‌కి మధ్య ఒక గోడ, తాళం వేసిన బీరువా, ఇస్త్రీ కోటు లోపలి తుపాకీ ఉన్నాయి.

స్పీకర్‌లో గరగర మొదలైంది. పచ్చగీత చివరికి చేరే కొద్దీ గరగర పల్చబడి, లోపల ఒక గొంతు లీలగా కదిలింది. ఇంకా ఆడగొంతో మగగొంతో తెలియడం లేదు. మేనేజర్ గ్లాసు ఖాళీ అయింది, అయినా తాగుతూనే ఉన్నాడు. సిల్కు కుర్చీ చేతిని పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. ఆగిపో తల్లీ, ఆగిపో, అని అల్లుడు మనసులో దణ్ణం పెట్టుకున్నాడు. బాగుచేసిన యంత్రం చెడిపోవాలని మొక్కుకోవడం అతని జీవితంలో అదే మొదలు.

"హలో... నేను..." అంది స్పీకర్, నీళ్ళలోంచి మాట్లాడుతున్నట్టు.

అంతే. గొంతు ఒకే అక్షరం మీద రంపంలా సాగి ఆగిపోయింది. పచ్చగీతకి వెంట్రుక వాసి మిగిలింది. మూలన గడియారం నిలిచిపోయింది.

అల్లుడు వెళ్ళి క్యాప్స్ లాక్ నొక్కాడు. లైటు వెలగలేదు. బీరువా రేకు మీద చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"వేడి సార్. గాలాడని చోట పెట్టారు, ఆవిరికి ఉడికినట్టు ఉడికింది." ఒక్క ఊపిరి తీసుకున్నాడు. ఇక దొర్లేది నిజం కాకూడదు. "చల్లారాక మళ్ళీ నడపొచ్చు. కానీ ఇన్నిసార్లు మధ్యలో ఆగితే డిస్క్ బతకదు. దానికి వెళ్ళే పవర్ కేబుల్ కూడా వదులుగా ఉంది, ఇందాకే చూశాను. నా బ్యాగులో కొత్తది ఉంది, మీ రూల్ ఒప్పుకోదు. నేను చెప్పాల్సింది చెప్పాను, రేపు నన్ను అనొద్దు. వెళ్ళొస్తాను."

వెనక్కి తిరిగి రెండడుగులు వేశాడు. వీపు మధ్యలో తుపాకీ చల్లదనం తగులుతుందేమోనని ఎదురుచూశాడు.

"ఆగు," అన్నాడు ఇస్త్రీ. బిగుసుకుపోయిన స్క్రీన్ వైపు ఒకసారి చూశాడు. "తెప్పించండి."

సిల్కు లేచింది. కేబుల్‌తో తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది. వేళ్ళతో నల్లటి తొడుగు తడిమింది. డిపార్ట్‌మెంట్ సరుకు ఆమెకి కొత్త కాదు, ఇలాంటివి ఆమె ఎన్ని మోసిందో, ఎన్ని అమ్మిందో. ఆమె చూపు కేబుల్ మీద నుంచి అల్లుడి మీదికి, అల్లుడి మీద నుంచి ఇస్త్రీ మీదికి వెళ్ళింది. ఒక్క మాట చాలు.

"ఇదేనా?" అంది సిల్కు.

"అదే మేడమ్."

ఇచ్చేసింది.

బీరువా తెరిచి వేడి కాస్త తగ్గనిచ్చి, అల్లుడు డిస్క్‌కి కేబుల్ తగిలించాడు. వేళ్ళు వణకలేదు, అది మాత్రం ఆ వృత్తి చలవే. "స్విచ్ నేను వేస్తాను," అంటూ మేనేజర్ ముందుకొచ్చాడు. వేశాడు.

చిన్న చిటుకు. అగరుబత్తి వెలిగించినట్టు సన్నటి పొగ. స్క్రీన్ మీద నల్లటి తెర, తెల్లటి అక్షరాలు: డిస్క్ దొరకలేదు.

ఇస్త్రీ ఆ అక్షరాల్ని చదివి, మళ్ళీ చదివాడు.

"దీన్ని ఎవరైనా, ఎక్కడైనా, బాగుచేయగలరా?"

"బోర్డు కాలిపోయింది సార్. ఎవరి వల్లా కాదు."

"పార్టులు పాడయ్యాయా? చెయ్యి పడిందా?"

అల్లుడు ముగ్గురి మొహాలూ చూశాడు. "పాత సరుకు సార్. పైగా వేడి. ఎవరి చెయ్యీ లేదు. కావాలంటే రాసిస్తాను."

గదిలో ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. మేనేజర్ వదిలాడు. సిల్కు వదిలింది. అన్నిటికంటే గట్టిగా, అన్నిటికంటే పొడుగ్గా వదిలింది ఇస్త్రీ. ఆయన రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. సూటు చంకల కింద తడిసి ముద్దయింది. "పోనీలెండి," అన్నాడు మెత్తగా. "మన ప్రయత్నం మనం చేశాం."

అల్లుడు ఆ మాటని నమ్మలేక ఆయన వైపు చూస్తుండిపోయాడు. బీరువా ఎవరి ఆర్డరు? తలుపు మూసింది ఎవరు? కాపీ తియ్యొద్దని రూలు పెట్టింది ఎవరు? రిపేర్ మనిషిని పిలిపించి, పక్కనే నిలబడి, ఆఖరికి బయటి కేబుల్ లోపలికి రప్పించింది ఎవరు?

*

వీధి మలుపు తిరిగి, జనంలో కలిసి, బస్సు స్టాపు రేకు నీడన నిలబడ్డాక, వెనక ఎవరూ రావడం లేదని అల్లుడు చూసుకున్నాడు. ఫోన్ చేశాడు.

"అత్తయ్యకి గండం గడిచింది మామయ్యా. రిపోర్టు పోయింది. మళ్ళీ రాదు."

అవతల మామయ్య గొంతు ఒక్క క్షణం తడబడింది. "బతికించావురా అల్లుడూ. ఇవాళ పొద్దున్నుంచీ నాకు ముద్ద దిగలేదు."

"ఒక్కటి చెప్పండి. అత్తయ్య ముగ్గురిలో ఎవరు?"

"ముగ్గురేంటి?"

అల్లుడు చెప్పుకొచ్చాడు. ఫ్యాను వైరు సంగతి, నెయిల్ పాలిష్ సంగతి, బీరువా సంగతి. ముగ్గురికీ ఆ గొంతు తమదేనేమోనని భయం. ఎవరికి వారే ఆ యంత్రాన్ని ఆపారు, ఎవరికి వారే అది నడవాలని పైకి గోలపెట్టారు. చెప్పడం అయ్యాక అటు నుంచి ఎంతకీ చప్పుడు లేకపోతే ఫోన్ కూడా ఫ్రీజ్ అయిందేమోనని తీసి చూసుకున్నాడు.

"మనకి అక్కడున్నది ఒక్క అత్తయ్యే అల్లుడూ," అన్నాడు మామయ్య చివరికి. "మిగతా ఇద్దరూ ఎవరి తాలూకో నాకూ తెలీదు. ఇంతకీ ఆ ఆఫీసులో పెళ్ళివారికి నిజంగా నమ్మకంగా పనిచేసేవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?"

"ఒక్కటి ఉండేది మామయ్యా. ఇందాకే చంపి వచ్చాను."